చుక్కకి కుట్టిన పక్క

వరహాలు కట్టుకొచ్చిన చీర చూడగానే మోహిని గుండె గుభేలుమంది! పసుపు రంగు నేతచీర... ఎర్రంచు... కొంగు చివర మూడు ఎర్రగీతలు... సందేహమే లేదు! అది అత్తగారు ధనమ్మ పెళ్ళిచీర! ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండల మధ్య దాగి, ఏడాదికోసారి ఎండ మొహం చూసే చీర! ఈ ఇంటికి కోడలిగా వచ్చి రెండేళ్ళయినా మోహిని దాన్ని దూరం నుంచి చూడటమే తప్ప ముట్టుకున్న పాపాన పోలేదు. అలాంటి చీర, ఏ చుట్టరికమూ లేని, పక్క సందులో ఉండి కాశీబుగ్గ మార్కెట్లో పూలమ్ముకునే వరహాలు ఒంటి మీద ఉందంటే ఏమనుకోవాలి!

వరహాలు రోజూ పొద్దున్నే వచ్చి పాపకి నీళ్ళు పోసి వెళ్తుంది. ఎప్పుడూ ఏదో వెలిసిపోయిన చీరలో వచ్చేది. ఆవేళ ఆలస్యమై మార్కెట్ నుంచి నేరుగా వచ్చినట్టుంది.

"పిన్నీ, ఈ సీర మా అత్తది కదా?" అని అడిగింది మోహిని.

వరహాలు ఉలిక్కిపడి కొంగు వైపు చూసుకుంది. "మీ అత్తే ఇచ్చినాది. కట్టుకోమంది, కడతన్నాను. బేగి పిల్లని ఇలా తే, నీళ్ళు సల్లారిపోతన్నాయి" అంటూ మాట మార్చేసింది.

మోహిని పాపని అందించి గుమ్మం మీద కూలబడింది. ఆవేళకి పాప పుట్టి పంతొమ్మిది రోజులు. ఈ పంతొమ్మిది రోజుల్లో ధనమ్మ మనవరాలిని ఒక్కసారి, ఒక్కంటే ఒక్కసారి కూడా చేతుల్లోకి తీసుకోలేదు! పొద్దున జీడి ఫ్యాక్టరీకి వెళ్ళేముందు, సాయంత్రం వచ్చి స్నానం చేశాక, గది గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని మరీ చూస్తుంది. "తాగినాదా? ఏడిసినాదా?" అని అడుగుతుంది. జవాబు వినగానే వెళ్ళిపోతుంది. ఆ చేతులు వెనక్కి పెట్టుకోవడం చూసినప్పుడల్లా మోహినికి ఒకటే అనిపించేది. నా బిడ్డని తాకితే అంత మైలా?

మోహినిది పూండి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. వేట మీద బతికే ఇల్లు. పూండి స్టేషన్ దగ్గర ఎండుచేపల తట్ట ఆటోలో పెట్టించుకుంటూ ఆటో నడిపే యుగంధర్‌ని చూసింది, మనసిచ్చింది, ఇంట్లో చెప్పింది. తండ్రి కూర్మయ్య వద్దన్నాడు. "ఆ ఆటోవోడి ఎనకాల ఎల్తే మళ్ళీ ఈ గడప తొక్కకు" అన్నాడు. అన్నమాట మీదే ఉన్నాడు. తొలికాన్పుకి కూడా పిలవలేదు. ఆడపిల్లకి తొలికాన్పు పుట్టింట్లో జరక్కపోతే ఆ బాధ ఎలాంటిదో మనకి ఒకరు చెప్పాలా! మోహినికిక మిగిలింది ఈ ఇల్లొక్కటే. ఈ ఇంట్లో పెద్దదిక్కు ధనమ్మ ఒక్కతే. ఆ పెద్దదిక్కు మాట్లాడేది రోజుకి పట్టుమని పది మాటలు!

పైగా ఉయ్యాల చీర సంగతొకటి. ఇరవయ్యొకటో రోజున బిడ్డని ఉయ్యాలలో వేస్తారు. ఆ ఉయ్యాలని నాయనమ్మ పాతచీరతో కట్టాలి. కొత్తగుడ్డ పసిబిడ్డ ఒంటికి గరుకు. నాయనమ్మ చీరలో ఒకసారి ఊగిందంటే ఆ బిడ్డ ఆ ఇంటిదైపోయినట్టే లెక్క! అందుకని మోహిని సిగ్గు విడిచి వారం క్రితం అడిగింది. "అత్తా, ఉయ్యాలకి నీ సీరొకటి ఇయ్యి" అంది. ధనమ్మ తల కూడా ఎత్తలేదు. "నా సీరలు వొద్దు. నా బట్టల జోలికి రాకు" అని మజ్జిగన్నం కలుపుకుంది.

కన్నకొడుకు కూతురికే లేని చీర పూలమ్మే వరహాలుకి దొరికింది! మోహినికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఏడుస్తున్న మోహిని మోకాలికి తడిగా ఏదో తగిలింది. చుక్క! నుదుటి మీద తెల్లమచ్చతో, నిండు కడుపుతో, రొప్పుతూ వచ్చి ముక్కుతో పొడుస్తోంది. ధనమ్మ పెంచుకున్న కుక్క అది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వర్షంలో తడుస్తుంటే నాలుగేళ్ళ క్రితం తెచ్చిందట. కోడలితో పది మాటలు మాట్లాడే మనిషి చుక్కతో వంద మాట్లాడుతుంది! "ఈరోజో రేపో ఈనేలాగున్నాదే ఇది. ఎక్కడ పడుకుంటాదో ఏటో" అని నిన్న సాయంత్రమే బెంగపడింది. చుక్క మూడు రోజులుగా చోటు వెతుక్కుంటోంది. కట్టెల వెనక గోకింది, ఆటో కింద గోకింది, చివరికి బియ్యం డబ్బా వెనక కూడా గోకింది.

మోహిని కళ్ళు తుడుచుకుంది. ఆమెకి చటుక్కున ఒక ఆలోచన వచ్చింది! చుక్కకి తనే మంచి పక్క కుట్టి పెడితే? అత్తగారి ప్రాణం చుక్క. చుక్క సుఖంగా ఈనితే ఆ నోటి నుంచి ఒక్క మంచిమాట రాదా? ఆ మాటల్లోనే, "గుంటని ఇలా తే మోహినీ" అన్న మాట కూడా రాదా?

అంతే, ఇక ఆగలేదు! బాలింతరాలినన్న సంగతే మరిచిపోయింది! వెనకవైపు పడివున్న బియ్యం గోనెసంచి దులిపింది. కొబ్బరి డొక్కల పీచు పీకి, కర్రతో కొట్టి, ఎండలో ఆరబెట్టి సంచిలో సమంగా పరిచి మూతి కుట్టేసింది. అది అడుగు. ఇక చుట్టూ అంచు కావాలి, లేకపోతే పిల్లలు దొర్లిపోతాయి. పెట్టె తీసి యుగంధర్ పాత లుంగీలు రెండు లాగింది, ఆటో నడిపి నడిపి మోచేతుల దగ్గర చిరిగిన ఖాకీ చొక్కాలు లాగింది, దోమలు యథేచ్ఛగా తిరిగే దోమతెర లాగింది. అన్నింటినీ పొడుగ్గా చుట్టి, జడలాగా పేని, బిందె కింద పెట్టే చుట్టకుదురులా గుండ్రంగా తిప్పింది. అంత పెద్ద చుట్టకుదురు కాశీబుగ్గలో ఎవరూ చూసి ఉండరు!

కుట్టడం మాత్రం పుట్టింటి పద్ధతి. దబ్బనంలో వలదారం ఎక్కించి, అడుగడుక్కీ తండ్రి నేర్పిన ముడి వేసింది. చిన్నప్పుడు ఇసకలో కూర్చుని కూర్మయ్య చిరిగిన వల బాగుచేస్తుంటే, పక్కన కూర్చుని తనూ వేసేది ఆ ముడులు. సొరచేప లాగినా ఊడదని ఆయన ధీమా. ఆ తండ్రి ఇప్పుడు మాట్లాడడు... కాని ఆయన ముడి మాత్రం కూతురి వేళ్ళలోనే ఉంది. ఒక్కో ముడి బిగుస్తుంటే మోహినికి ఏడుపు పోయి హుషారు పుట్టుకొచ్చింది! మధ్యలో పాప లేచింది, పాలిచ్చింది, మళ్ళీ కుట్టింది. చుక్క అయితే దారం ఉండ నోట కరుచుకుని పెరడంతా తిప్పింది. దాని వెంట పరుగెత్తలేక, నవ్వాపుకోలేక మోహిని అక్కడే కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన యుగంధర్ స్నానం చేసి తడితువ్వాలుతో పెట్టె ముందు నిలబడ్డాడు.

"నా గళ్ళ లుంగీ ఏదే?"

"సుక్క కింద ఉన్నాది."

"సుక్క కిందా? అది పాతది కాదే. మొన్న సిరిమాను పండక్కి కొన్నాను."

మోహిని నాలిక కరుచుకుంది. చూసుకోలేదు! "ఇప్పుడు నాలుగు ముక్కలైపోనాది బావా. పోనీలే, నీ లుంగీ మీద నాలుగు పిల్లలు పుడతాయి, పుణ్యం" అంది. అతను కాసేపు కోపంగా చూడబోయి, చూడలేక నవ్వేశాడు. పంతొమ్మిది రోజులుగా పెళ్ళాం మొహంలో నవ్వు లేదు మరి!

"మీ అమ్మ పెళ్ళిసీర వరహాలు పిన్నికి ఇచ్చీసినాది, తెలుసా నీకు?" అంది మోహిని, నవ్వు ఆగిపోయి.

అతనికి తెలియదు. తలగోక్కున్నాడు. "మా అమ్మ అలాగేనే. మనసులో ఎట్టుకోకు" అని అన్నం తినేసి వెళ్ళిపోయాడు. మగవాళ్ళకి ఈ ఒక్కమాట ఎవరు నేర్పారో గాని, అన్ని ఇళ్ళలోనూ ఇదే మాట!

పక్క దాదాపు అయిపోయింది. పైన పరచడానికి మెత్తటి గుడ్డ కావాలి. గోనె గరుకు, ఖాకీ గరుకు. అప్పుడే పుట్టిన కూనల పొట్టలు ఎంత లేతగా ఉంటాయి! మోహిని చూపు వెనక చూరు కింద వేలాడుతున్న మూట మీద పడింది. ధనమ్మ పనికి కట్టి కట్టి చిరిగిపోయిన చీరల మూట. ధనమ్మ ఫ్యాక్టరీ బట్టలు ఇంటి బట్టలతో కలవనివ్వదు. విడిగా ఉతుకుతుంది, విడిగా తీగ మీద ఆరేస్తుంది, చిరిగితే ఆ మూటలో కుక్కుతుంది. మోహినిని ఎప్పుడూ ముట్టుకోనివ్వదు. అదంతా తనని దూరం పెట్టడానికేనని మోహిని నమ్మకం.

"ఊరివాళ్ళకి పెళ్ళిసీర, నాకు సిరుగుసీర కూడా నేదా" అనుకుంది. రోషం పొంగింది! ముక్కాలిపీట వేసుకుని మూట దింపింది. నల్లటి మరకలతో ఉన్నా ఎంత మెత్తగా ఉన్నాయా చీరలు! ఒకటి తీసి నాలుగు మడతలు పెట్టి చుక్క పక్క మీద పరిచి కుట్టేసింది. ఇంకొకటి, వాటిల్లో కాస్త మరకలు తక్కువున్న నీలంచీర, చేతిలోనే ఉండిపోయింది. చెంపకి ఆనించుకోబోయి ఆగి, గుండెకి హత్తుకుంది. ఎల్లుండి పాప ఉయ్యాల దీనితోనే కడతాను. అడిగితే ఇవ్వలేదు, అడక్కుండా తీసుకుంటాను. నా కూతురు నాయనమ్మ చీరలోనే ఊగాలి! ఆ చీర మడతపెట్టి తన పెట్టెలో దాచేసింది.

సాయంత్రం ధనమ్మ పని నుంచి వచ్చేసరికే చుక్క ఆ పక్కలో చేరి ఈనింది! ఒకటి, రెండు, మూడు, నాలుగు! నాలుగు కూనలు! ధనమ్మ స్నానం చేసి పరుగున వచ్చి వెనక పాక గుమ్మంలో నిలబడింది. పక్క కనపడకుండా చుక్క నిండా పడుకుని ఉంది. చుట్టూ పేనిన అంచు మాత్రమే కనిపిస్తోంది.

"ఎవులు కుట్టినారిది?"

"నానే అత్తా."

ధనమ్మ వంగి ఆ అంచు చూసింది. "సక్కగున్నాది. సుట్టకుదురులాగ బలేగ కుట్టినావు" అంది. ఆ మొహంలో మోహిని ఎప్పుడూ చూడని వెలుగు! "గుంట బాగుందా?" అని కూడా అడిగింది. మోహిని పాపని ఎత్తుకొచ్చి ముందుకు చాపింది. ఒక్కక్షణం ధనమ్మ చేతులు ముందుకు కదిలాయి... నిజంగా కదిలాయి! మరుక్షణం వెనక్కి వెళ్ళిపోయాయి. "ఎల్లుండికి బోలెడు పనున్నాది. పడుకో" అని వెళ్ళిపోయింది.

అయినా మోహినికి ఆ రాత్రి సంతోషమే! చేతులు కదిలాయి కదా! మర్నాడంతా ఇల్లు సర్దుతూ గడిపింది. మణికట్ల దగ్గర దురద పెడుతుంటే గోక్కుంటూ, ఉక్కకి చెమటకాయలు లేచాయనుకుంది.

ఇరవయ్యొకటో రోజు! పొద్దున్నే ఇల్లంతా పసుపు, మామిడాకులు! సందులో ఆడవాళ్ళు పదిమంది వచ్చి చాప మీద కూర్చున్నారు. ధనమ్మ ఫ్యాక్టరీకి వెళ్ళలేదు. పొద్దుటి నుంచి ఏదో కంగారుగా గుమ్మం వైపే చూస్తోంది. వరహాలు ఇంకా రాలేదు. యుగంధర్ దూలానికి తాడు వేశాడు. మోహిని తన పెట్టెలోంచి నీలంచీర తీసింది. అత్తగారు చూడకుండా దాన్ని తాడుకి కట్టి, ఉయ్యాల చేసి, పైన తన ఓణీ గుడ్డ కప్పింది. అత్తగారు గుర్తుపడితే పట్టనీ. అందరి ముందూ ఏమంటుంది?

సరిగ్గా అప్పుడే వెనక పాకలోంచి కుయ్యికుయ్యిమని కూనల ఏడుపు. ఊరికే ఏడుపు కాదు, ఎవరో గిల్లినట్టు! ధనమ్మ అటు పరుగెత్తింది.

మోహిని పాపని ఎత్తుకుంది. ఆడవాళ్ళు పాట అందుకోబోయారు. పాపని ఉయ్యాలలోకి దించుతోంది... ఇంక జానెడు దూరం...

"ఆగు! పిల్లని అందులో ఎయ్యకు!"

పాక వైపు నుంచి ధనమ్మ దూసుకొచ్చింది! జుట్టు విడిపోయింది, కొంగు జారిపోయింది. వచ్చీరాగానే ఉయ్యాల ముడి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కూర్మయ్య నేర్పిన ముడి, ఊడలేదు! పళ్ళతో కొరికి, కాలితో తన్ని, ఉయ్యాల మొత్తం కిందకి పీకేసింది. చీర తీసుకెళ్ళి పెరట్లోకి విసిరికొట్టింది. పదిమంది ఆడవాళ్ళూ నోళ్ళు నొక్కుకున్నారు. శుభమా అని ఉయ్యాలలో వేసేవేళ, నాయనమ్మే ఉయ్యాల తెంపేసింది!

మోహిని పాపని గుండెకి అదుముకుని నిలబడిపోయింది. ఇంతకాలం మింగిన కన్నీళ్ళన్నీ ఒక్కసారే వచ్చేశాయి.

"సాలత్తా... ఇంక సాలు. నా పిల్లని ముట్టుకోనేదు, ఊరుకున్నాను. నీ పెళ్ళిసీర పైవోళ్ళకి ఇచ్చినావు, ఊరుకున్నాను. సిరిగిపోయిన సీరలో ఊపుకుంటానంటే అదీ పీకీసినావు. సముద్రం ఒడ్డు గుంటనని కదా... నా పిల్ల నీకు పనికిరాదని కదా... ఎల్పోతాను. మా నాన్న గడప బయటే పడుంటాను."

"మోహినీ..." అన్నాడు యుగంధర్.

ధనమ్మ రొప్పుతోంది. చేతులు, అలవాటుగా, వెనక్కి వెళ్ళిపోయాయి. "ముందు నీ సేతులు సూసుకో" అంది.

మోహిని చూసుకుంది. మణికట్ల నుంచి మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు, మధ్యలో సన్నటి నీటిపొక్కులు! చెమటకాయలు కావవి.

"సుక్క పిల్లల పొట్టలు ఎల్లి సూడు. పొక్కిపోనాయి. జీడి అది. ఆ మూటలో సీరలన్నీ జీడే. మూటలో నీలంసీర కూడా నేకపోతే ఉయ్యాలకే కట్టినావని తెలిసిపోనాది" అంది ధనమ్మ.

పచ్చి జీడిపిక్క కొరికితే మూతి పొక్కుతుందని జీడితోటల ఉద్దానం వైపు పుట్టిన ఏ పిల్లకైనా తెలుసు. మోహినికీ తెలుసు. కాని ఆ రసం వందసార్లు ఉతికిన చీర మడతల్లో కూడా దాగుంటుందని, ఆ నల్లమరకే అదని, వేటమీద బతికే ఇంటి పిల్లకి ఎవరు చెప్పారు! జానెడు దూరం... ఇంక జానెడు దూరంలో తన చేత్తోనే బిడ్డని...

"మరి ఒక్కమాట సెప్పొచ్చు కదత్తా" అంది మోహిని.

ధనమ్మ గోడకి జారగిలబడి కూర్చుంది. ఏళ్ళ తరబడి మాట్లాడని మనిషి, ఆవేళ మాట్లాడింది!

"సెప్తే అంతా సెప్పాల. నీ మొగుడి ఈపు మీద మచ్చ సూసినావు కదా. ఏటన్నాడు?"

"సిన్నప్పుడు గంజి ఒలికినాదన్నాడు."

"గంజి కాదే. నానే." ధనమ్మ మొదటిసారి తన చేతులు ముందుకి తెచ్చి అందరికీ కనపడేలా చాపింది. నల్లగా కమిలి, పగుళ్ళు పట్టి, వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయిన చేతులు. "ఈడికి మూడో నెల. మీ మావ పోయి పట్టుమని నెల కానేదు. పిక్కలు కొట్టే పనిలో కొత్తగ సేరినాను. పొద్దుగూకి వొచ్చేసరికి ఆకలేసి ఎక్కిళ్ళు పెడతన్నాడు. కడుక్కోనేదు, సీర మార్సనేదు. అలాగే ఒళ్ళో ఏసుకుని పాలిచ్చినాను. ఈపు కింద సెయ్యేసి తడతా కూకున్నాను. తెల్లారేసరికి తోలు ఊడి నా సేతికొచ్చినాది. మా అత్తకి గంజని సెప్పినాను. ఈడికీ గంజనే సెప్పినాను. ఇరవయ్యారేళ్ళూ గంజే."

వింటున్న యుగంధర్ చెయ్యి తన వీపు మీదకి వెళ్ళింది.

"కడిగితే పోద్దని అందరూ అంటారు. తోటోళ్ళు ఆళ్ళ పిల్లల్ని ఎత్తుకుంటన్నారు కూడా. నాకు దైర్యం సాల్నేదు మోహినీ. గుంటని సూసినప్పుడల్లా ఈ సేతులు ముందుకెల్పోతాయి. అందుకే ఎనక్కి కట్టుకుంటాను."

యుగంధర్ తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ నల్లటి చేతులు రెండూ తీసుకుని తన మొహానికి అద్దుకున్నాడు. "గంజో, జీడో... నాకు గుర్తే నేదమ్మా. నువ్వు అన్నం ఎట్టింది మట్టుకే గుర్తు" అన్నాడు.

అప్పుడు వచ్చింది వరహాలు, పరుగున, ఒక మడత పెట్టిన చీర రెండు చేతుల మీదా పెట్టుకుని. పసుపు నేతచీర! ఉతికి, ఆరబెట్టి, మల్లెపూల వాసనతో!

"నిన్న వానకి ఆరనేదు అప్పా, అందుకే జాగైపోనాది" అంటూ, అందరి మొహాలూ చూసి ఆగిపోయింది. పడిపోయిన తాడు చూసింది. విషయం అర్థమయ్యాక, మోహిని వైపు తిరిగి నడుం మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మ, నన్నొట్టేయించి నోరు కట్టీసినాది గాని మీ అత్త... ఉయ్యాలకి తన సీరే ఉండాలంది. తన సీరల్లో జీడి తగలనిది ఇదొక్కటే. పెళ్ళినాడు ఒక్కసారి కట్టినాది, బిరుసుగుంటాది కదా. తను కట్టి మెత్తబరిస్తే జీడి అంటుద్దని నాకిచ్చినాది. నాలుగు నెల్లు కట్టి, ఉతికి, మా ఇంట్లోనే ఆరేసి మెత్తబర్సినాను. నీకు నాలుగు నెల్ల ముందే ఈ గుంటకి సీర సిద్దం సేసుకున్నాది మీ అత్త."

మోహిని పాపని వరహాలు చేతిలో పెట్టి, అత్తగారి పాదాల దగ్గర కూలిపోయింది. "అత్తా... నాను ఎన్ని అనుకున్నాను... ఎన్నెన్ని అనుకున్నాను..." అని వెక్కివెక్కి ఏడ్చింది. ధనమ్మ ఆమె తల మీద చెయ్యి వేయబోయి ఆపుకుంది. మోహినే ఆ చెయ్యి లాక్కుని తన తల మీద పెట్టుకుంది!

"సాల్లే, లెగు. ముందు కూనల్ని సూడాల" అంది ధనమ్మ, ముక్కు చీదుకుని.

ఇక ఇంటి నిండా సందడే సందడి! ఉయ్యాల సాయంత్రానికి వాయిదా వేశారు. ధనమ్మ కూనల్ని చల్లటి నీళ్ళతో కడిగించి, దూదితో కొబ్బరినూనె రాయించింది. మోహిని చేతులకీ రాయించింది. యుగంధర్ చుక్క పాత పక్కనీ, పెరట్లో పడున్న నీలంచీరనీ కర్రతో ఎత్తుకెళ్ళి ఊరవతల గొయ్యి తీసి పాతిపెట్టాడు. మోహిని మళ్ళీ దబ్బనం పట్టింది! ఈసారి ఒక్కతే కాదు, పేరంటానికొచ్చిన పదిమందీ చేతులు కలిపారు! ఒకరు దుప్పటి తెచ్చారు, ఒకరు దిండుగలీబులు, ఒకరు కిటికీ తెర. "జీడి తగల్నేదు కదా" అని ప్రతి గుడ్డనీ ధనమ్మ వాసన చూసి, వెలుతురులో పట్టి చూసి మరీ ఒప్పుకుంది. యుగంధర్ మిగిలిన ఒక్క లుంగీ కూడా వెళ్ళిపోయింది. అతను ఆవేళంతా ప్యాంటుతోనే తిరిగాడు.

మూడింటికల్లా చుక్క కొత్తపక్కలో చేరి, నాలుగు కూనలకీ పాలిస్తూ కళ్ళు మూసుకుంది. మోహిని మాత్రం దబ్బనం కింద పెట్టలేదు. మిగిలిన దుప్పటి ముక్కలు తీసుకుని ఇంకో పక్క కుట్టడం మొదలెట్టింది. చిన్నది, మెత్తది, అదే చుట్టకుదురు అంచుతో.

"ఇంకా ఎవులికే? నాలుగు పిల్లలకీ సరిపోనాది కదా" అంది వరహాలు.

"ఉండు పిన్నీ" అంది మోహిని. పక్క అడుగున రెండు పక్కలా రెండు సంచులు కుట్టింది. చెయ్యి మోచేతి దాకా దూరేంత లోతు సంచులు, రెండేసి పొరలవి. కూర్మయ్య ముడి ఒక్కోదానికి మూడేసి వేసి, లాగి లాగి చూసుకుంది.

సాయంత్రం నాలుగింటికి పసుపుచీర ఉయ్యాల దూలానికి వేలాడింది. పాపకి రూప అని పేరు పెట్టారు. ఉయ్యాలలో వేసేముందు మోహిని పాపని ఆ చిన్నపక్క మీద పడుకోబెట్టి, తీసుకొచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"ఉయ్యాల్లో నువ్వే ఎయ్యాల అత్తా."

ధనమ్మ చేతులు వెనక్కి వెళ్ళిపోయాయి. "నా వల్ల కాదే..."

"సేతులు ఇందులో ఎట్టు. రెండు పొరలున్నాయి. జీడి దాటి రాదు. నీ ఒంటి మీదున్నది కూడా నా కొత్తసీరే, ఇందాక నువ్వు తానం సేసినాక నానే తీసిచ్చినాను కదా. ఎట్టత్తా."

ధనమ్మ కోడలి మొహం చూసింది. కొడుకు మొహం చూసింది. నెమ్మదిగా ఒక చెయ్యి సంచిలోకి దూర్చింది. రెండో చెయ్యి దూర్చింది. పక్కతో సహా పాపని పైకి లేపింది. రూప కళ్ళు విప్పి, నాయనమ్మ మొహం వైపు చూసి, ఆవులించింది. అక్కడితో ఆగిందా! పక్కంతా తడిపేసింది! ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. చుక్క ఏం జరిగిందోనని పాకలోంచి వచ్చి తల పెట్టి చూసి పోయింది.

ధనమ్మ మాత్రం నవ్వలేదు. ఉయ్యాల దగ్గరికి నడవలేదు. అక్కడే నిలబడి, ఇరవై ఒక్క రోజులు గుమ్మంలోంచి చూసిన ఆ చిన్న మొహాన్ని ఇంత దగ్గరగా చూస్తూ, చేతుల్ని కాస్త పైకి, కాస్త కిందికి కదిపి చూసింది. చెంపల మీద కన్నీళ్ళు జారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఇంత బరువున్నాదా మోహినీ..." అంది. "నాకు తెల్దు కదే."

మోహిని కొంగుతో అత్తగారి కళ్ళు తుడిచింది.